ఇండియన్లకు మాత్రమే

ఆ బోర్డు చూసి మేం నవ్వుకున్నాం. ముందు ఆ సంగతి ఒప్పుకుని మిగతాది చెబుతాను.

2022 ఆగస్టు చివర్లో ఒక శనివారం. అమ్మ ఇండియా నుంచి వచ్చి రెండు నెలలు దాటింది. బీవర్టన్‌లో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి వరసగా నాటిన మేపుల్ చెట్లు చూసీ చూసీ, "ఈ ఊళ్ళో అడవి లేదురా?" అని అడిగింది. భద్రాచలం దగ్గర పుట్టి పెరిగిన మనిషి. ఎవరో కొలతపెట్టి నాటిన చెట్లు ఆమె లెక్కలోకి రావు. ఆ మాట విని మా మిత్రుడు "అయితే పిన్నిగారిని హకల్‌బెర్రీలకి తీసుకెళ్దాం" అన్నాడు.

రెండు కార్లలో పొద్దున్నే బయల్దేరాం. కొలంబియా నది పక్కనే హుడ్ రివర్ దాకా వెళ్ళి, వంతెన దాటి వాషింగ్టన్ రాష్ట్రంలోకి, అక్కణ్ణించి ట్రౌట్ లేక్ అనే చిన్న ఊరు మీదుగా గిఫర్డ్ పించో నేషనల్ ఫారెస్ట్‌లోకి. అందులో ఫారెస్ట్ రోడ్డు 24 పట్టుకుని గతుకుల్లో పైకి పోతే సాటూత్ బెర్రీ ఫీల్డ్స్ వస్తాయి. నాలుగు వేల అడుగుల ఎత్తు. మలుపు తిరిగినప్పుడల్లా ఎదురుగా మంచుతో మౌంట్ ఆడమ్స్. ఇక్కడి పాతవాళ్ళు ఆ కొండని 'పాటో' అంటారు.

హకల్‌బెర్రీ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నడుమెత్తు పొద. పండు బఠానీ గింజంత, కాస్త పెద్దది కూడా ఉంటుంది. నేరేడు పండు రంగు. గుత్తులుగా కాయదు, ఒక్కో ఆకు కింద ఒక్కో పండు దాక్కుని ఉంటుంది. కొట్లో దొరికే బ్లూబెర్రీకి దగ్గర చుట్టమేగానీ, రుచిలో ఆ చప్పిడితనం ఉండదు. తీపి, వెనకే పులుపు, ఆ వెనక ఏదో అడవి వాసన. దీన్ని తోటల్లో పెంచాలని చాలామంది చాలా ఏళ్ళుగా ప్రయత్నించారు, వ్యాపారానికి సరిపడేలా ఎవరికీ లొంగలేదు. కావాలంటే కొండెక్కాల్సిందే.

అక్కడ రోడ్డు పక్కన ఉంది ఆ బోర్డు. రోడ్డుకి తూర్పు వైపున్న పొదలు ఇండియన్లకు ప్రత్యేకించినవని దాని సారాంశం. మా మిత్రుడు కారు ఆపి, "ఇంకేం, మనకే! ఈ దేశంలో మనవాళ్ళ పేరు మీద రిజర్వేషన్ చూడటం ఇదే మొదలు" అన్నాడు. అందరం దాని ముందు నిలబడి ఫొటో తీసుకున్నాం. ఆ ఇండియన్లు ఎవరో మాకు తెలియక కాదు. తెలిసే జోకు వేసుకున్నాం. వేసుకున్నాక ఆ వైపే దిగాం, ఎందుకంటే అటే పొదలు నిండుగా కనపడ్డాయి. సరదాకి కోసుకునేవాళ్ళకి ఫారెస్టువాళ్ళు ఇచ్చే ఉచిత పర్మిట్ నా దగ్గర ఉంది. రోజుకి ఒక గాలన్, ఏడాదికి మూడు. దాంతోపాటు వచ్చిన మ్యాపు మాత్రం చదవలేదు. షరతులు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు.

ఒక అరగంట గడిచింది. అమ్మ చీర కొంగు ఒడిలా కట్టుకుని, నేను రెండు పళ్ళు కోసేలోపు పది కోస్తోంది. మా అమ్మాయి మూతంతా ఊదా రంగు. అప్పుడు పొదల అవతలి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై ఏళ్ళు ఉండొచ్చు. నడుముకి బకెట్ కట్టుకుని ఉంది, వెనక ఇద్దరు పిల్లలు. మమ్మల్ని ఒకసారి చూసి, "మీరు ఏ ట్రైబు?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

"మేం ఇండియా నుంచి..." అని నసిగాను. బోర్డు దగ్గర అంత బాగా పేలిన జోకు, నా నోట్లో అక్కడే చచ్చిపోయింది.

ఆవిడ అమ్మ వైపు చూసింది. అమ్మకి ఇంగ్లీషు రాదు, నవ్వుతూ ఒడి చూపించింది. ఆవిడ కూడా నవ్వి, గడ్డంతో రోడ్డు వైపు చూపిస్తూ, "అటు పక్క కూడా ఈ ఏడు బాగానే కాశాయి. ఈ పక్క మాది. 1932లో మా పెద్దాయన ఒకాయన చెయ్యి కలిపి నిలబెట్టుకున్నది" అంది. నేను సారీ చెప్పి మా స్టీలు గిన్నె ఆవిడ ముందు పెట్టాను. మొహమాటపడుతుందేమో అనుకున్నాను. లేదు. పళ్ళన్నీ తన బకెట్లో పోసుకుని, గిన్నె తిరిగిచ్చేసింది. అమ్మ ఒళ్ళోవి మాత్రం ఉంచేసుకోమని సైగ చేసి వెళ్ళిపోయింది.

కారెక్కాక అమ్మ అడిగింది, ఆవిడ ఏమందని. చెప్పాను.

"మరి బోర్డు ఉందన్నావుగా?"

"ఉంది."

"చదివావా?"

"చదివాను."

ఆ తర్వాత ట్రౌట్ లేక్ వచ్చేదాకా అమ్మ మాట్లాడలేదు.

* * *

అంత ధీమా మాకు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే బ్లాక్‌బెర్రీల దగ్గరికి వెళ్ళాలి. ఈ పడమటి తీరంలో ఉండే మనవాళ్ళకి అడవి పళ్ళంటే ముందు అవే. మా ఇంటికి దగ్గర్లో ఫానో క్రీక్ ట్రెయిల్ ఉంది. ఆగస్టులో ఆ వాగు పొడుగునా బ్లాక్‌బెర్రీలు నల్లగా మాగి వేలాడుతుంటాయి. సాయంత్రం నడకకి వెళ్తే చేతిలో డబ్బా ఉండాల్సిందే. ఎవరూ అడగరు, ఎవరివీ కావు.

వాటిని 'హిమాలయన్ బ్లాక్‌బెర్రీ' అంటారని తెలిసినప్పుడు, మన దేశపు మొక్క ఇక్కడ ఇంత బాగా స్థిరపడిందని మురిసిపోయాను కూడా. తీరా చూస్తే దానికీ హిమాలయాలకీ సంబంధం లేదు. ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతాల మొక్క. శాస్త్రనామంలోనే ఉంది, రూబస్ ఆర్మేనియాకస్ అని. కాలిఫోర్నియాలో శాంటా రోసాలో లూథర్ బర్బాంక్ అని గొప్ప మొక్కల మాంత్రికుడు ఉండేవాడు. మనం మెక్‌డొనాల్డ్స్‌లో తినే ఫ్రెంచ్ ఫ్రైస్ బంగాళాదుంప ఆయన పెంచినదాని సంతానమే. ఇండియా నుంచి పోస్టులో వచ్చిన విత్తనాల్లోంచి ఆయన ఈ ముళ్ళ తీగని మొలిపించి, 1885 ప్రాంతంలో 'హిమాలయా జయంట్' అని పేరు పెట్టి జనంలోకి వదిలాడు. విత్తనాలు ఇండియా నుంచి వచ్చాయి కాబట్టి మొక్క హిమాలయాలదే అయ్యుండాలని అనుకున్నాడు. ఇండియా అనుకుని పేరు పెట్టేయడం ఈ ఖండంలో కొలంబస్ నాటి అలవాటు. మనుషుల విషయంలో అయిన పొరపాటే నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఒక తుప్ప విషయంలోనూ అయింది.

(బర్బాంక్ పేరు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటున్నవాళ్ళకి: 'ఒక యోగి ఆత్మకథ' తెరిచి చూడండి. పరమహంస యోగానంద ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చింది ఈయనకే. ఈయన మీద ఒక అధ్యాయమే ఉంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఆ పుస్తకానికీ నా కాలికి గుచ్చుకునే ఈ ముళ్ళకీ చుట్టరికం ఉందని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.)

ఆ తీగ తోటలో ఉండలేదు. పిట్టలు తిని గింజలు మోశాయి. ఒక్క ఏడాదిలో ఇరవై అడుగులు పెరిగి, వంగి, కొస నేలకి తగిలిన చోటల్లా వేళ్ళూనుతుంది. ఇప్పుడు ఆరెగాన్, వాషింగ్టన్ రెండు రాష్ట్రాల కలుపుమొక్కల జాబితాలోనూ ఉంది. అందుకే దాన్ని ఎంత కోసుకున్నా ఎవరికీ బాధ లేదు. ఎవరూ నాటనిది, ఎవరికీ అక్కర్లేనిది, ఊరికే దొరికేది. అడవిలో కాసే ప్రతి పండూ అలాంటిదే అనుకుని కొండెక్కాం మేము.

* * *

ఆ పెద్దావిడ చెప్పిన 1932 నా మనసులోంచి పోలేదు. ఆ చలికాలమంతా ఆఫీసు పని అయ్యాక చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ కథ వెనక్కి జరుగుతూ పోయింది.

1855 మే చివర్లో వాషింగ్టన్ టెరిటరీ మొదటి గవర్నరు ఐజాక్ స్టీవెన్స్, వాలా వాలా లోయలో ఒక పెద్ద సభ పెట్టాడు. యాకమా, నెజ్ పెర్స్, కయ్యూస్, ఉమటిల్లా, వాలా వాలా జాతులవాళ్ళు వేల సంఖ్యలో వచ్చారు. తెల్లవాళ్ళకి భూమి కావాలి, రైలు దారి కావాలి. జూన్ 9న యాకమా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వాళ్ళ తరఫున కమాయకిన్ ఇష్టం లేకుండానే గుర్తు పెట్టాడు. పద్నాలుగు జాతుల్నీ తెగల్నీ కలిపి ఒకే 'యాకమా నేషన్' అని రాసేసి, కోటి ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. వాళ్ళకి రిజర్వేషన్‌గా మిగిలింది పదమూడు లక్షల ఎకరాల చిల్లర. సంతకాల తడి ఆరకుండానే గనుల కోసం జనం వాళ్ళ భూముల్లో పడ్డారు, ఆ ఏడు చివరికల్లా యుద్ధం మొదలైంది. సెనేట్ ఆ ఒప్పందాన్ని ఆమోదించేసరికి 1859.

ఇంత పోగొట్టుకున్న కాగితంలో మూడో ఆర్టికల్ ఒకటి ఉంది. పాత రేవుల్లో చేపలు పట్టుకోవడం, ఇంకా ఎవరూ సొంతం చేసుకోని బహిరంగ భూముల్లో వేటాడటం, దుంపలూ బెర్రీలూ ఏరుకోవడం, గుర్రాల్నీ పశువుల్నీ మేపుకోవడం వాళ్ళకి ఉంటాయని. బెర్రీలు అన్న మాట అచ్చంగా అక్కడ ఉంది! నేను చూసిన చట్టపు కాగితాల్లో పళ్ళ గురించి రాసింది అదొక్కటే. భూమి పోతున్నా ఏం తిని బతకాలో ఆ సభలో కూచున్నవాళ్ళు మర్చిపోలేదు.

ఎందుకంత పట్టుదల అంటే, హకల్‌బెర్రీ వాళ్ళకి సరదా పండు కాదు. వాళ్ళ భాషలో 'వివ్ను'. వసంతంలో సాల్మన్ చేప, దుంపలు, వేసవి చివర వివ్ను. సృష్టిలో ముందుగా తమకి దక్కిన తిండి ఇవేనని వాళ్ళ నమ్మకం. ఏటా తొలి పళ్ళకి విందు చేసి, ప్రార్థన చేసి, ఆ తర్వాతే కోతకి దిగుతారు. ఇది చదువుతుంటే నాకు మా వైపు కొండరెడ్లూ కోయలూ చేసే 'మామిడి కొత్త' గుర్తొచ్చింది. కొత్త పండగ చేయకుండా కొత్త కాయ నోట్లో పెట్టరు. పచ్చికాయలు రాల్చేయకుండా, పిందెల మీదే పడిపోకుండా, ఊరంతటికీ ఒక తేదీ. దేవుడి పేరు మీద నడిచే ఏర్పాటు, అడవికీ మంచిది.

కొండమీద కోత వారాల తరబడి సాగేది. సీడర్ వేళ్ళతో గట్టిగా అల్లి, బేర్‌గ్రాస్‌తో నగిషీ చేసిన క్లికిటాట్ బుట్టల నిండా పళ్ళు. పడిపోయిన పెద్ద మాను ఒకదానికి నిప్పు పెట్టి, మంట లేవకుండా నివురుగా కాలనిస్తూ, దాని పక్కన ఏటవాలుగా గాడి తవ్వి, చాపల మీద పళ్ళు పరిచి ఆ వేడికి ఎండబెట్టేవాళ్ళు. ఎండుద్రాక్షలా అయ్యాక చలికాలమంతా తిండి. ఆ గాడుల ఆనవాళ్ళు ఇప్పటికీ ఆ అడవిలో కనిపిస్తాయి. పక్కనే ఇండియన్ హెవెన్ అనే రక్షిత ప్రాంతంలో ఇంకా పెద్ద ఆనవాలు ఉంది. కోతలకి వచ్చిన తెగలన్నీ అక్కడ గుర్రపు పందేలు పెట్టుకునేవి. రెండు వేల అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు ఉండే ఆ పందెం బాట పచ్చిక మధ్య గాడిలా ఇంకా ఉంది. అక్కడికి హైకింగ్‌కి వెళ్ళి దాని మీద నడిచాను. ఎన్ని డెక్కలు తొక్కితే నేల అలా అణుగుతుందో! పళ్ళ కోసం వచ్చి, సరుకులు మార్చుకుని, పందేలు కాసి, పిల్లలకి సంబంధాలు కుదుర్చుకుని వెళ్ళేవాళ్ళట. అంటే మన జాతరే.

* * *

ఇక ఆ అడవి పేరు సంగతి. నన్ను ఎక్కువ రోజులు పట్టుకుని వదలనిది ఇదే.

1908లో ఏర్పడినప్పుడు దాని పేరు కొలంబియా నేషనల్ ఫారెస్ట్. 1949లో గిఫర్డ్ పించో పేరు పెట్టారు. పించో 1905లో మొదలైన అమెరికా ఫారెస్ట్ సర్వీసుకి మొదటి అధిపతి. ఈయన అడవుల చదువు చదువుకుందామనుకున్నప్పుడు అమెరికాలో ఆ చదువు లేదు. 1889లో యూరప్ వెళ్ళాడు. అక్కడ బాన్ నగరంలో ఆయనకి గురువుగా దొరికినాయన డీట్రిష్ బ్రాండిస్. ఎవరీ బ్రాండిస్? 1864లో బ్రిటిష్ ఇండియాకి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్. మన అటవీ శాఖకి పునాది వేసిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త.

ఈ ముక్క చదివి లేచి నీళ్ళు తాగాను. ఆరెగాన్ పక్కన ఒక కొండ మీద పళ్ళు కోసి తిట్లు తినబోయి తప్పించుకున్న నేను, తిరిగి తిరిగి మా తాలూకాకే వచ్చిపడ్డాను.

భద్రాచలం ఇవాళ తెలంగాణలో ఉందిగానీ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ ప్రెసిడెన్సీకి 1882లో అటవీ చట్టం వచ్చింది. దానితో రిజర్వు అడవి అని గీత గీసి, గీత లోపల నిప్పు పెట్టడం, చెట్టు కొట్టడం, పశువులు తోలడం నేరాలన్నారు. కోయలూ కొండరెడ్లూ తరాలుగా చేసుకుంటున్న పోడు దొంగతనమైంది. దానికి ముందే, చిగురుకల్లు మీద పన్ను వేసి 1879లో రంప పితూరీ తెచ్చుకున్నారు. తాటి, జీలుగు చెట్ల నుంచి ఊరికే కారే కల్లుకి ఎవడికో డబ్బు కట్టడమేమిటని మన్యం భగ్గుమంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక నడిచినవాళ్ళ కోపంలో పోడు నిషేధమూ, రోడ్ల వెట్టిచాకిరీ రెండూ ఉన్నాయి.

బ్రాండిస్‌ని విలన్ని చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన లేకపోతే ఓడలకీ రైలు స్లీపర్లకీ మన టేకంతా కొట్టుకుపోయేదే. పించో కూడా అంతే, కంపెనీల గొడ్డళ్ళ నుంచి కోట్ల ఎకరాలు కాపాడాడు. కానీ ఆ చదువులో నిప్పు ఒక శత్రువు. అడవిలో నిప్పు పెట్టే మనిషి అజ్ఞాని, లేదా నేరస్థుడు. అక్కడ పోడు మీద పడ్డ చూపే ఇక్కడ హకల్‌బెర్రీ మీదా పడింది.

ఎందుకంటే హకల్‌బెర్రీకి నిప్పు కావాలి. పోడులాగా విత్తడానికి కాదు, వెలుతురు కోసం. కోత అయిపోయి కొండ దిగేముందు, శరదృతువులో వానలు పడబోతున్నాయనగా, వాళ్ళు పొదలకి నిప్పు పెట్టి దిగేవాళ్ళు. పైన కాలిపోయినా హకల్‌బెర్రీ నేల లోపలి దుంపకాండం నుంచి మళ్ళీ చిగురిస్తుంది. కాలేవి దాని మీద నీడ కప్పబోయే ఫర్, హెమ్లాక్ మొక్కలు. మరికొన్నేళ్ళకి ఆ చోటు నిండా పళ్ళు. కొండమీద అలా వంతులవారీగా కాల్చుకుంటూ పోతే ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మంచి కాపు ఉంటుంది. పైనుంచి చూసేవాళ్ళకి అది అడవి. నిజానికి అది కంచె లేని తోట.

1910లో ఇడాహో, మొంటానాల్లో కార్చిచ్చు చెలరేగి ముప్ఫై లక్షల ఎకరాలు తగలబడ్డాక ఫారెస్ట్ సర్వీసుకి నిప్పంటే భయం పట్టుకుంది. 1935కల్లా ఒక నియమం పెట్టారు. ఏ నిప్పు కనపడినా మర్నాడు పొద్దున్న పది గంటల్లోపు అదుపులోకి రావాలి. 1944లో పిల్లలకి నచ్చజెప్పడానికి టోపీ పెట్టుకున్న స్మోకీ ఎలుగుబంటి వచ్చింది. మా అమ్మాయి స్కూల్లో కూడా దాని స్టిక్కర్ ఇచ్చారు. నిప్పు ఆగింది, చెట్లు పెరిగాయి, నీడ పడింది, పళ్ళు తగ్గాయి. పొద చావదు, ఆకులతో బతికే ఉంటుంది, కాయదు.

* * *

అప్పుడు వచ్చింది 1932. అమెరికాలో మహా మాంద్యం. ఉద్యోగాలు పోయినవాళ్ళు, పొలాలు పోయినవాళ్ళు వేల సంఖ్యలో సాటూత్ పొలాల మీదకొచ్చారు. కార్లలో, డేరాల్లో. కోసిన పళ్ళు అమ్ముకుంటే నాలుగు డబ్బులు. వాళ్ళనీ తప్పు పట్టలేం, ఆకలి. కానీ తరాలుగా అక్కడే కోసుకునేవాళ్ళకి ఆ గుంపుల మధ్య పళ్ళూ దొరకలేదు, డేరా వేసుకోడానికి చోటూ దొరకలేదు.

యాకమా పెద్ద విలియం యాలప్, ఆ అడవి సూపర్‌వైజర్ జె. ఆర్. బ్రూకార్ట్ కలిసి కూర్చున్నారు. యాలప్ చేతిలో 1855 నాటి మాట ఉంది. బ్రూకార్ట్ చేతిలో ఆ అడవి ఉంది. రోడ్డుకి తూర్పున ఉన్న భాగం, సుమారు 2,800 ఎకరాలు, ఇండియన్లకే ఉంచేట్టు ఒప్పుకుని చెయ్యి కలుపుకున్నారు. ఇక్కడి వాళ్ళు ఇప్పటికీ దాన్ని హ్యాండ్‌షేక్ అగ్రిమెంట్ అనే అంటారు. అధ్యక్షులు మారారు, అడవి పేరు మారింది, ఆ చేతులు రెండూ ఎప్పుడో మట్టిలో కలిశాయి, ఆ బోర్డు మాత్రం ఉంది. సంతకాలు పెట్టిన ఒప్పందాలు ఈ దేశంలో ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో తెలిసినవాళ్ళకి ఇది ఎంత వింతో అర్థమవుతుంది.

అప్పటికే ఇంకో ముఖ్యమైన సంగతి జరిగి ఉంది. కొలంబియా నది మీద చేపల యంత్రాలు పెట్టి, యాకమా జాలర్లని రేవులోకి రానివ్వని వైనన్స్ అన్నదమ్ముల మీద కేసు నడిచి 1905లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు యాకమాల వైపు నిలిచి ఒక మాట చెప్పింది. ఒప్పందం అంటే ప్రభుత్వం ఇండియన్లకి హక్కులు ఇవ్వడం కాదు, ఇండియన్లు ప్రభుత్వానికి కొన్ని ఇవ్వడం, ఇవ్వనివి వాళ్ళ దగ్గరే ఉన్నట్టు అని. నేను బోర్డు దగ్గర 'రిజర్వేషన్' అని నవ్విన మాటకి అసలు అర్థం అది. ఎవరో దయతలచి వాళ్ళకి కేటాయించింది కాదు. అన్నీ ఇచ్చేస్తూ వాళ్ళు అట్టిపెట్టుకున్నది.

మనకి 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం పేరులో కూడా 'గుర్తింపు' అనే ఉంది. చిన్న తరహా అటవీ ఉత్పత్తులు, అంటే తునికాకు, ఇప్పపువ్వు, తేనె, పళ్ళు, ఇవి సేకరించుకునే హక్కు అడవిబిడ్డలకి ఉందని గుర్తిస్తున్నామంది. మా వైపు ఆ చట్టం కాగితం మీద ఎంత, నేల మీద ఎంత అన్నది వేరే పెద్ద కథ.

* * *

ట్రౌట్ లేక్ దాటాక అమ్మ నోరు విప్పిందన్నానుగా. ఆమె చెప్పింది ఇదీ. నా చిన్నప్పుడు మా ఊరి సంతకి ఒక కోయామె తునికి పళ్ళు తెచ్చేది. ఎండాకాలం, తెల్లవారక ముందే అడవిలోకి పోయి ఏరుకుని, ఆకు పరిచిన గంప నెత్తిన పెట్టుకుని పది మైళ్ళు నడిచి వచ్చేది. సోలతో కొలిచి ఇచ్చేది. అమ్మ బేరమాడేది. "అడవిలో ఊరికే దొరికేదానికి ఇంతా?" అనేదట. ప్రతి సంతకీ అదే మాట. ఆమె ఏమీ అనకుండా ఇంకో గుప్పెడు వేసేది.

"ఆమె పేరు కూడా అడగలేదురా నేను" అంది అమ్మ. కారు అద్దంలోంచి బయటికి చూస్తూ అంది. నేను ఏమీ అనలేదు. ఆ తునికి పళ్ళు తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

2025 ఆగస్టులో మళ్ళీ వెళ్ళాం. అమ్మ భద్రాచలంలో ఉంది. ఈసారి పర్మిట్టూ చదివాను, మ్యాపూ చదివాను. చేత్తో తప్ప దువ్వెనల్లాంటి పరికరాలతో కోయకూడదని ఉంది. అవి పళ్ళతోపాటు ఆకుల్నీ చిగుళ్ళనీ దూసేస్తాయి. ఆ ఏడు ఇంకో మార్పు కూడా వచ్చింది. అమ్ముకోడానికి కోసేవాళ్ళకి ఇచ్చే పర్మిట్లు ఫారెస్టువాళ్ళు ఆ సీజనుకి ఆపేశారు. తమకి మిగలడం లేదని యాకమాలు ఎన్నేళ్ళుగానో చెబుతున్నారు. పర్మిట్లు పోయినవాళ్ళలో చాలామంది మనలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు, మనలాగ వారాంతం సరదాకి కాదు, కూలి కోసం కోసేవాళ్ళు. వాళ్ళ సంగతి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ తేలిగ్గా ఉండదు. ఇక కొన్నిచోట్ల ఫారెస్టువాళ్ళే అడ్డుపడుతున్న చెట్లు తీసేసి పొదలకి వెలుతురు వచ్చేట్టు చేస్తున్నారు. నూరేళ్ళు ఆర్పి ఆర్పి, ఇప్పుడు రంపాలు పట్టుకుని ఆ నిప్పు చేసే పని చేస్తున్నారు.

బోర్డు అక్కడే ఉంది. రోడ్డుకి పడమర వైపు దిగాం. పొదలు బాగానే ఉన్నాయిగానీ నీడ ఎక్కువ. రెండు గంటలు వంగి కోస్తే ముగ్గురికీ కలిపి సగం గాలన్ కూడా కాలేదు. తూర్పు వైపు నుంచి పిల్లల కేకలు, ఎవరో పెద్దవాళ్ళ నవ్వులు వినపడ్డాయి. మా అమ్మాయి అటు చూసి, "వాళ్ళకి ఎక్కువ ఉన్నాయేమో" అంది. "ఉండొచ్చు" అన్నాను.

కిందికి దిగి ట్రౌట్ లేక్ దగ్గర సిగ్నల్ రాగానే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా తెల్లవారుతోంది.

"ఏ పక్క కోశార్రా?" అంది.

"పడమర."

"పళ్ళున్నాయా?"

"తక్కువే."

"సరే. కడిగి తినండి" అని, పాలవాడు వచ్చినట్టున్నాడు, పెట్టేసింది.